ఉమ్‌గేని ఒడ్డున పురుగుల లెక్క

దక్షిణాఫ్రికాలో 1956 నాటి నీటి చట్టం నది నీటి మీద హక్కును ఒడ్డున భూమి ఉన్నవారికి కట్టబెట్టింది. 1913 భూచట్టం నల్లజాతివారిని అప్పటికే దేశంలోని అత్యధిక భూమికి దూరం చేసింది. అందుకే నది పక్కనే పుట్టి పెరిగినా, దాని బాగోగుల గురించి మాట్లాడే హక్కు వాళ్లకు లేకపోయింది. వర్ణవివక్ష పాలన పోయాక 1998లో వచ్చిన జాతీయ నీటి చట్టం ఈ ముడిని తెంచింది. నీరు ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అంది. మనుషుల కనీస అవసరాలకూ, నది బతకడానికీ కావలసిన నీటిని ముందుగా పక్కన పెట్టాలంది.

మరి నది బతికే ఉందని ఎలా తెలుస్తుంది?

ఆ దేశపు శాస్త్రవేత్తలు దీనికి జవాబును రాళ్ల కింద వెతికారు. సీసాలో పట్టిన నీళ్లు ఆ క్షణపు సంగతే చెబుతాయి. రాత్రి ఫ్యాక్టరీ వదిలిన మురుగు తెల్లారేసరికి కొట్టుకుపోతే పరీక్షలో దొరకదు. నీటి అడుగున వారాలు, నెలల తరబడి బతికే పురుగులు మాత్రం ఆ దెబ్బను తప్పించుకోలేవు. నాజూకైనవి ముందు చనిపోతాయి, మొండివి మిగులుతాయి. ఈ సూత్రం మీదే మార్క్ చట్టర్ 1972లో అక్కడి నదుల కోసం ఒక సూచికను ప్రచురించారు. తర్వాత బ్రిటన్‌లోని పద్ధతిని స్థానిక జీవాలకు తగ్గట్టు మార్చి ‘శాస్’ అనే మార్కుల విధానాన్ని రూపొందించారు. 1994లో మొదలైన జాతీయ నదీ ఆరోగ్య కార్యక్రమానికి అదే ముఖ్యమైన పనిముట్టు అయింది. క్రిస్ డికెన్స్, మార్క్ గ్రాహం ‘శాస్’ ఐదో రూపాన్ని 2002లో ప్రచురించారు.

అయితే పదుల కొద్దీ జీవకుటుంబాలను గుర్తుపట్టి మార్కులు వేయాలంటే గట్టి శిక్షణ కావాలి. అలాంటి నిపుణులు కొద్దిమందే, వాగులు మాత్రం వేలల్లో ఉన్నాయి.

దాంతో అదే బృందం ఆ విధానాన్ని 13 గుంపులకు కుదించింది. ‘మినీశాస్’ పేరుతో 2004లో దాని వివరాలు వెలువడ్డాయి. చేతిలో చిన్న వల, తెల్లటి పళ్లెం, బొమ్మల కాగితం ఉంటే చాలు. పారే నీళ్లలో దిగి, రాళ్లను కదిలిస్తూ కొన్ని నిమిషాలు వల పట్టాలి. దొరికిన ప్రాణులను బొమ్మలతో పోల్చుకోవాలి. మంచి నీళ్లలో తప్ప బతకలేని స్టోన్‌ఫ్లై పిల్లకు 17 మార్కులు, పీతకు 6, జలగకు 2. ఏది ఎన్ని దొరికిందన్నది లెక్కలోకి రాదు, ఏయే గుంపులు కనిపించాయన్నదే ముఖ్యం. మార్కులు కూడి, గుంపుల సంఖ్యతో భాగిస్తే వాగు పరిస్థితి తేలిపోతుంది. బడి పిల్లలు చేయగలిగిన లెక్క ఇది.

క్వాజులు-నాటాల్‌లోని ఉమ్‌గేని నదీ పరీవాహకంలో ఈ పద్ధతి గట్టిగా వేళ్లూనుకుంది. గాంధీని రైల్లోంచి దించేసిన పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కూ, దిగువన డర్బన్‌కూ తాగునీరు ఈ నదిదే. దాని మీద కట్టిన మిడ్‌మార్ జలాశయానికి ఎగువన ఎంపోపొమేని అనే బస్తీ ఉంది. అక్కడ మ్యాన్‌హోళ్లు పొంగి మురుగు వాగుల్లోకి చేరేది. 2010 దశకం తొలినాళ్లలో స్థానికులు కొందరు ‘ఎన్విరో చాంప్స్’ పేరుతో రంగంలోకి దిగారు. ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగిందో రాసిపెట్టి మున్సిపాలిటీకి తెలియజేశారు. గొట్టాల్లో ఏం వేయకూడదో ఇంటింటికీ తిరిగి చెప్పారు, వీధి నాటకాలు ఆడారు. వాగుల్లో పురుగుల లెక్కా తీశారు. మురుగు వాసన వస్తోందన్న పాత ఫిర్యాదుకు ఇప్పుడు తేదీ, చోటు, అంకె తోడయ్యాయి. అధికారులు కొట్టిపారేయడం కష్టమైంది.

ఈ నదితో తెలుగువారికీ చుట్టరికం ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లున్నారు. ఒప్పందం తీరాక డర్బన్ దగ్గర ఉమ్‌గేని ఒడ్డున కూరగాయలు పండించి బతికిన భారతీయ కుటుంబాలెన్నో. 1917 అక్టోబరు వరద ఆ ఒడ్డు బతుకులను తుడిచిపెట్టింది.

ఇక పురుగుల పరీక్ష సంగతికొస్తే, దానికి హద్దులున్నాయి. ఇది పారే నీటికే పనికొస్తుంది, చెరువులకు, జలాశయాలకు కాదు. కలిసిన విషం ఏదో చెప్పదు. నీళ్లు తాగవచ్చో లేదో కూడా తేల్చదు, అందుకు ప్రయోగశాల ఉండాల్సిందే. ఒక దేశపు మార్కుల పట్టికను మరో దేశంలో ఉన్నదున్నట్టు వాడటమూ కుదరదు. అక్కడి జీవాలను పరిశీలించి మళ్లీ తయారు చేసుకోవాలి.

మామూలు జనం కొలతలు తీయలేరన్న మాట తప్పని తెలుగు నేల మీద ఎప్పుడో తేలిపోయింది. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల రైతులు వాననూ, బోర్లలో నీటిమట్టాన్నీ స్వయంగా కొలిచి, ఆ లెక్క చూసుకుని పంటలు ఎంచుకున్నారు. భూగర్భజలానికి సాధ్యమైనది వాగుకు ఎందుకు కాదు? మన జీవశాస్త్ర శాఖలు స్థానిక పురుగులతో ఒక పట్టిక తయారుచేయాలి, బడులు దాన్ని వాగు దాకా తీసుకెళ్లాలి, ఆ లెక్కలకు జవాబు చెప్పే బాధ్యతను కాలుష్య నియంత్రణ మండళ్లు తీసుకోవాలి.