సముద్రం లేని సీమలో సముద్రపు యంత్రం

అనంతపురం నుంచి తూర్పుకు సూటిగా గీత గీస్తే కృష్ణపట్నం తీరం 280 కిలోమీటర్ల దూరాన తగులుతుంది. ఊరేమో సముద్ర మట్టానికి దాదాపు 340 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. వానలేమిలో జైసల్మేరు తర్వాత మాదే అని జిల్లావాళ్లు సగం నిష్ఠూరంగా, సగం గొప్పగా చెప్పుకుంటారు. సముద్రపు నీటిని మంచినీరు చేయాలన్న ఆలోచనలోంచి పుట్టిన యంత్రం అలాంటి చోట ఊరూరా కాపురం పెట్టింది. నీళ్ల ప్లాంటులోకి తొంగి చూడండి. నీలం రంగు క్యాన్ల వెనుక, స్టీలు చట్రానికి బిగించిన పొడవాటి గొట్టాలు కనిపిస్తాయి. ఆర్వో అంటే అదే. ఆ గొట్టాల్లోపల ఒక పొర ఉంటుంది. చెన్నై తీరాన సముద్రాన్ని తాగునీరు చేసే కర్మాగారాల్లో ఉన్నదీ ఈ రకం పొరే. తేడా పరిమాణంలోనూ ఒత్తిడిలోనూ ఉంది.

ఆ పొర కథ కాలిఫోర్నియాలో మొదలైంది. ఉప్పునీటినీ మంచినీటినీ సన్నటి పొరతో వేరు చేస్తే, మంచినీరే ఉప్పు వైపు పోతుంది. ప్రకృతి పద్ధతి అది. ఉప్పు వైపు నుంచి గట్టిగా ఒత్తిడి పెడితే నీరు ఎదురు నడుస్తుంది, ఉప్పు వెనకే ఉండిపోతుంది. లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీటిని అలా నడిపించాలంటే గాలి ఒత్తిడికి 55 నుంచి 70 రెట్లు కావాలి. సూత్రం పాతదే. చిక్కల్లా పొరతోనే వచ్చింది: ఉప్పును ఆపే పొరలోంచి నీరు బొట్లు బొట్లుగా తప్ప వచ్చేది కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ ప్రాంగణంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో ఆ ముడి విప్పారు. పైన అతి పలుచటి చర్మం, కింద దాన్ని మోసే గుల్ల భాగం ఉండేలా సెల్యులోజ్ ఎసిటేట్‌తో పొర తయారు చేశారు.

ఇక్కడే నాకు నచ్చిన మలుపు ఉంది. ఆ పొరతో ఒక ఊరికి నీళ్లిచ్చిన మొదటి ప్లాంటు సముద్రం ఒడ్డున కట్టలేదు. 1965లో కొలింగా అనే ఎండు ఊళ్లో పెట్టారు. అక్కడి భూగర్భ జలం నోట పెట్టుకోలేనంత ఉప్పన. ఒకప్పుడు ఆ ఊరు తాగునీటిని రైల్లో తెప్పించుకునేది. అంటే సముద్రం కోసం కలగన్న పొర తొలి ఉద్యోగమే మెట్టసీమలో, మన అనంతపురం లాంటి చోట చేసింది.

అయితే మన నీళ్లలో అసలు ముప్పు ఉప్పు కాదు, ఫ్లోరైడు. ఉప్పునీటిని నాలుక పట్టేస్తుంది. ఫ్లోరిన్ నీళ్లకు రుచీ వాసనా రంగూ తేడా ఉండదు. జిల్లా కింద పరుచుకున్న గ్రానైటు, నైస్ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. సున్నం పాలు తక్కువగా, సోడా పాలు ఎక్కువగా ఉన్న చౌడు నీరు దాన్ని తేలిగ్గా కరిగించుకుంటుంది. వాన పలుచన చేయదు, ఎండ చిక్కన చేస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకుంటే ఒకటిన్నర వరకు సరేనని మన దేశ ప్రమాణం. దాటితే ముందు పిల్లల పళ్లకు గారలు, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోయి వెన్ను వంగడం. మన దేశంలో ఈ జబ్బును వైద్యశాస్త్రానికి మొదట చెప్పింది తెలుగు నేలే. 1937లో షార్ట్, ఆయన తోటి వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి రాశారు. వాళ్లకన్నా ముందే అక్కడి రైతులు ఎడ్లు కుంటడం చూసి ఏదో తేడా ఉందని పసిగట్టారంటారు.

మరి వెనకటివాళ్లు ఏం తాగారు? బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు 1364లో పండమేరుకు అడ్డకట్ట వేసి చెరువు తవ్వించాడని, రాజు పేరిట బుక్కరాయసముద్రం, రాణి పేరిట అనంతపురం వెలిశాయని జిల్లా చరిత్ర చెబుతుంది. చెరువును సముద్రమని పిలుచుకున్న సీమ ఇది. చెరువు నీరు, చెరువు కింది బావుల నీరు చాలావరకు ఆ ఏటి వాన నీరే, రాతితో సావాసం తక్కువ. చెరువులు పూడి, బోరు బండ్లు వచ్చి, వందల అడుగుల లోతుకు దిగాక తగిలింది ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలవున్న నీరు.

1970లలో నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడు తీయడానికి నల్లగొండ పద్ధతి తెచ్చారు. పటిక, సున్నం వేసి కలిపి, ఫ్లోరైడును మడ్డితో పాటు కిందికి దించడం. చవక. కానీ రోజూ కొలిచి వేసే మనిషి కావాలి, మడ్డి పారబోయడానికి చోటు కావాలి. పల్లెల్లో ఆ రెండూ నిలవలేదు.

జిల్లా నీటి చరిత్రను నిజంగా మలుపు తిప్పింది 1994–95. పుట్టపర్తి సత్యసాయిబాబా జిల్లాకు తాగునీరు ఇస్తామని 1994 నవంబరులో మాట ఇచ్చారు, మరుసటి ఏడు నవంబరుకు, ఆయన 70వ పుట్టినరోజు నాటికి నీళ్లు పారడం మొదలైంది. పని చేసింది ఎల్ అండ్ టీ. 700కు పైగా గ్రామాలు, సుమారు 2,500 కిలోమీటర్ల పైపులు. బాబా మీద ఎవరి నమ్మకం వారిది, నేను ఆ జోలికి పోను. ఇంజినీరింగు మాత్రం తెలివైనది. యంత్రంతో ఫ్లోరైడును తీసే గొడవ పెట్టుకోకుండా, ఫ్లోరైడు లేని నీరు ఎక్కడుందో వెతికారు. పెన్న, చిత్రావతి, హగరి ఇసుకలో బావులు తవ్వారు. తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) వెంట వేసవి చెరువులు కట్టి, తుంగభద్ర నీరు వచ్చే రోజుల్లో నింపి పెట్టారు. పార్నపల్లి దగ్గరి చిత్రావతి జలాశయం నుంచి నీళ్లు లాగారు. 1999 నవంబరు 23న తపాలా శాఖ ఈ పథకం మీద బిళ్ల విడుదల చేసింది.

పైపు వేయడం ఒక పండుగ, పైపును కాపాడటం రోజూ చాకిరీ. పథకం ప్రభుత్వం చేతికొచ్చాక పాత పైపులు పగిలేవి పగులుతూ, కరెంటు బిల్లులు పేరుకుంటూ, జీతాలందక కార్మికులు సమ్మెకు దిగుతూ వచ్చారు. నీళ్లు ఒకరోజు వచ్చి మూడు రోజులు రాకపోతే జనం పైపును నమ్మరు. ఆ అపనమ్మకంలోంచే క్యాను వ్యాపారం పెరిగిందని నా అంచనా. 2014 అక్టోబరు 2న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల పేరుతో 2 రూపాయలకు 20 లీటర్లు ఇచ్చే పథకం మొదలుపెట్టేనాటికి, ప్రైవేటు ప్లాంట్లు అప్పటికే పాతుకుపోయాయి.

ఆర్వో ఫ్లోరైడును బాగా తీసేస్తుంది, కాదనలేం. పేచీ అంతా తీసేసిన దాన్ని ఎక్కడ పెడతామన్నదే. చెన్నైకి ఉత్తరాన మీంజూరు దగ్గర 2010లో మొదలైన ప్లాంటు ఉంది. స్పెయిన్ కంపెనీ బెఫెసాతో కలిసి దాన్ని కట్టింది మన హైదరాబాదు ఐవీఆర్‌సీఎల్. రోజుకు 10 కోట్ల లీటర్లు తీసే ఆ ప్లాంటు, తోడిన నీటిలో సగానికి పైగా, మరింత ఉప్పెక్కించి, మళ్లీ సముద్రంలోకే వదులుతుంది. చేపలకు అది మంచిదా కాదా అన్న వాదన వేరే ఉంది. కనీసం వదలడానికి అక్కడ సముద్రమంటూ ఉంది.

పల్లె ప్లాంటులో మామూలుగా రెండు బిందెలు తోడితే ఒక బిందె తాగునీరు, ఒక బిందె వదిలేసే నీరు. బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములుంటే, వదిలేసే నీటిలో దాదాపు ఐదవుతుంది. అది పోయేది వీధి కాలువలోకి, వీధి కాలువ పోయేది చేనులోకో వంకలోకో. అక్కడి నుంచి మెల్లగా ఇంకి, బోరు తోడే నేలలోకే తిరిగి చేరవచ్చు. కొన్నిచోట్ల ఆ నీరు పశువుల తొట్టికి చేరుతుంది. నెల్లూరు ఎడ్ల సంగతి తెలిసిన వాళ్లెవరూ ఆ పని చేయరు.

సముద్రాన్నే ఇక్కడికి తెస్తే అన్న మాటా అప్పుడప్పుడూ వినిపిస్తుంది. సముద్రపు నీటి నుంచి వెయ్యి లీటర్ల మంచినీరు తీయడానికి మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. వాటిని 340 మీటర్లు పైకెత్తడానికి, 280 కిలోమీటర్ల రాపిడి వదిలేసినా, మరో యూనిట్‌కు పైనే. హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకం ద్వారా 2012లో కృష్ణ నీరు జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరింది. అదీ ఎత్తిపోసిన నీరే, కాకపోతే శుద్ధికయ్యే ఆ మూడు నాలుగు యూనిట్లు మిగిలాయి. లెక్క అటే మొగ్గుతుంది: తుంగభద్ర, కృష్ణ నీరు జలాశయాల్లో ఉన్నంతవరకు ఈ జిల్లాకు చవకైన మంచినీరు 1995 నాటి పైపులో ఉంది, ఆ పైపు మార్చే ఖర్చును మాత్రం ఏ బడ్జెట్టూ ముందుకొచ్చి తలకెత్తుకోవడం లేదు.