బయటి చట్రం పునరాగమనం: అమెరికా సైనికుని వీపుసంచి చరిత్ర

వ్యాససంగ్రహం:
1973లో అమెరికా సైన్యం స్వీకరించిన 'ఆలిస్' వీపుసంచికి బయటివైపు అల్యూమినియం గొట్టాల చట్రం ఉండేది. తరువాతి నాలుగు దశాబ్దాలలో అమెరికా సాయుధ బలగాలు లోపలి చట్రం గల సంచులవైపు రెండుసార్లు మొగ్గి, రెండుసార్లూ బయటి చట్రానికే తిరిగివచ్చాయి. ఈ పునరాగమనానికి కారణం పాతదానిపై మమకారం కాదని, సైనికుని ఒంటిమీదికి కొత్తగా వచ్చిన కవచమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాత ఆకృతి పునరుద్ధరణ వల్ల బరువును మోసే తీరు మెరుగైనా, బరువు మాత్రం తగ్గలేదని నిరూపిస్తుంది.

కీలకపదాలు: సైనిక చరిత్ర, వీపుసంచి, ఆలిస్, మాలీ, బయటి చట్రం, శరీరకవచం, పదాతి సైనికుడు, భౌతిక సంస్కృతి.

1. ఉపోద్ఘాతం

యుద్ధచరిత్ర రచనలో ఆయుధాలకు దక్కిన స్థానం, ఆ ఆయుధాలను మోసిన సంచులకూ పట్టీలకూ దక్కలేదు. తుపాకి గురించి, ఫిరంగి గురించి గ్రంథాలు వెలువడ్డాయి. కాని పదాతి సైనికుడు తన సేవాకాలంలో తుపాకి పేల్చిన సమయం కంటే బరువు మోసిన సమయమే ఎన్నో రెట్లు ఎక్కువ. రోమన్ సైనికులు తమ సామాను తామే మోయవలసి వచ్చినందుకు 'మారియస్ కంచరగాడిదలు' అన్న పేరు పొందారు. రెండువేల ఏళ్ల తరువాత కూడా ఆ పరిస్థితి పెద్దగా మారలేదు.

1950లో ఎస్.ఎల్.ఎ. మార్షల్ ప్రచురించిన 'ది సోల్జర్స్ లోడ్ అండ్ ది మొబిలిటీ ఆఫ్ ఎ నేషన్' అనే చిన్న గ్రంథం ఈ విషయాన్ని సైనిక చర్చల కేంద్రానికి తెచ్చింది. మోతాదు మించిన బరువు సైనికుని కండరాలనే కాక ధైర్యాన్నీ హరిస్తుందని, అలసట, భయం ఒకదానినొకటి పెంచుకుంటాయని ఆయన వాదించాడు. అప్పటినుంచి అమెరికా సైన్యం ఈ సమస్యకు వెదికిన పరిష్కారాలలో వీపుసంచి చట్రం ముఖ్యమైనది. ఒకసారి పాతబడిందనుకున్న చట్రం మళ్లీ ఎందుకు అవసరమైందన్నదే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

2. బయటి చట్రానికి పూర్వరంగం

బయటి చట్రమంటే సంచికి వెలుపల, సంచికీ వీపుకీ మధ్య ఉండే గట్టి అమరిక. సంచిని దీనికి తగిలిస్తారు. భుజపట్టీలు, నడుముపట్టీ కూడా దీనికే ఉంటాయి. నార్వేకు చెందిన ఓలే బెర్గన్ 1909లో పేటెంటు పొందిన వీపుసంచి ఈ పద్ధతికి ప్రసిద్ధమైన తొలి ఉదాహరణలలో ఒకటి. వీపు వంపునకు అనుగుణంగా చట్రాన్ని వంచడం అందులోని కీలకమైన ఆలోచన. బ్రిటిష్ సైనికులు నేటికీ పెద్ద వీపుసంచిని 'బెర్గన్' అనే పిలవడం ఆయన పేరు మీదనే. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా పర్వతదళాలకు ఉక్కు చట్రం గల రక్‌సాకులను ఇచ్చారు. మందుగుండు పెట్టెల వంటి మొరటు బరువులను మోయడానికి ప్లైవుడ్ పలకలను వాడారు.

యుద్ధానంతరం పౌర రంగంలో మరొక ముందడుగు పడింది. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రాలతో వీపుసంచులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. భుజాలమీది బరువును నడుముపట్టీ ద్వారా తుంటి ఎముకలకు మళ్లించవచ్చునన్న ఎరుకను పర్వతారోహకులలో విస్తృతం చేసిన సంచులివి. గట్టి చట్రం లేనిదే ఈ మళ్లింపు సాధ్యం కాదు. మెత్తని సంచి బరువుకు కుంగిపోతుంది, ఆ భారమంతా తిరిగి భుజాలపైనే పడుతుంది. ఈ యాంత్రిక సూత్రమే తరువాతి చరిత్రకంతటికీ ఆధారం.

3. ఆలిస్ సంచి నిర్మాణం

1960 దశకం మధ్యలో అమెరికా సైన్యం పదాతి సైనికుని దుస్తులను, సామగ్రిని తేలికపరచే ప్రయత్నం చేపట్టింది. అంతకు ముందరి సామగ్రి ప్రధానంగా నూలు కాన్వాసుతో తయారైనది. వియత్నాం వర్షాలలో అది నీరు పీల్చి బరువెక్కేది, ఆరడానికి చాలాసేపు పట్టేది, త్వరగా చివికేది. అందువల్ల నూలు స్థానంలో నైలాన్‌ను ప్రవేశపెట్టారు. ఈ కృషి ఫలితంగా 1973లో స్వీకరించిన వ్యవస్థకు 'ఆల్-పర్పస్ లైట్‌వెయిట్ ఇండివిడ్యువల్ క్యారీయింగ్ ఎక్విప్‌మెంట్' అని పేరు పెట్టారు. ఆ ఆంగ్లపదాల తొలి అక్షరాల కూర్పే 'ఆలిస్'.

ఇందులో సంచులు రెండు పరిమాణాలలో ఉండేవి. మధ్యరకం సంచి దాదాపు 50 పౌండ్లకు, అంటే 23 కిలోలకు, పెద్దది 70 పౌండ్లకు, అంటే 32 కిలోలకు ఉద్దేశించినవి. మధ్యరకం సంచిని చట్రం లేకుండానూ వాడవచ్చు. పెద్దదానికి చట్రం తప్పనిసరి. చట్రం పైభాగం సంచి వెనుకనున్న అరలోకి దూరేది, కింది భాగాన్ని పట్టీలతో బిగించేవారు. అవసరమైతే సంచిని తీసివేసి, చట్రానికి చిన్న అల్యూమినియం అరుగును తగిలించి, నీటి డబ్బాలను, మందుగుండు పెట్టెలను మోయవచ్చు. సంచి, చట్రం, పట్టీలు విడివిడి భాగాలు కావడం వల్ల ఏది పాడైతే దానినే మార్చుకునే వీలుండేది. ఈ విడదీయగల స్వభావమే ఆలిస్‌కు దీర్ఘాయువునిచ్చింది.

లోపాలూ లేకపోలేదు. భుజపట్టీలు సన్ననివి, నడుముపట్టీ బలహీనమైనది. పెద్ద బరువులతో దూరం నడిచినప్పుడు భుజాలు ఒరుసుకుపోయేవి, నడుము కిందిభాగం కమిలిపోయేది. చట్రం సూత్రం సరైనదే. ఆ సూత్రం కోరిన మందమైన నడుముపట్టీ మాత్రం ఆలిస్‌లో లేదు.

4. లోపలి చట్రంవైపు మొగ్గు

1967లో గ్రెగ్ లోవ్ రూపొందించిన లోపలి చట్రం పౌర పర్వతారోహణలో గొప్ప మార్పు తెచ్చింది. ఇందులో సన్నని లోహపు పట్టీలు సంచి లోపలే, వీపుకు ఆనుకొని ఉంటాయి. సంచి శరీరానికి అతుక్కొని ఉండడం వల్ల కొండ ఎక్కేటప్పుడు, మంచుపై జారేటప్పుడు అటూ ఇటూ ఊగదు. 1970, 80 దశకాలలో పౌర విపణిలో లోపలి చట్రం ఆధునికతకు గుర్తయింది, బయటి చట్రం పాతకాలపుదన్న ముద్ర పడింది.

సైన్యం ఈ ప్రభావానికి అతీతంగా ఉండలేదు. 1980 దశకం చివర వచ్చిన కొత్త సామగ్రి వ్యవస్థలో భాగంగా లోపలి చట్రం గల పెద్ద సంచిని ప్రవేశపెట్టారు. అయితే పౌర పర్వతారోహకునికీ పదాతి సైనికునికీ ఒక ముఖ్యమైన భేదముంది. పర్వతారోహకుడు తన సామానును తానే ఎంచుకొని, మెత్తని వస్తువులు వీపువైపు వచ్చేలా పొందికగా సర్దుకుంటాడు. సైనికునికి ఆ స్వేచ్ఛ లేదు. రేడియో, మోర్టారు గుండ్లు, మెషిన్‌గన్ తూటాల పెట్టెలు వంటి కోణాలున్న గట్టి వస్తువులు అతని వంతుకు వస్తాయి. ఆలిస్ చట్రంపై వీటిని కట్టవచ్చు. లోపలి చట్రం సంచిలో అవి ఇమడడం కష్టం. అందువల్ల కొత్త సంచి వచ్చినా ఆలిస్ వాడుకలోనుంచి తొలగిపోలేదు.

5. మాలీ: కొత్త పదార్థంలో పాత సూత్రం

1990 దశకంలో మసాచుసెట్స్‌లోని నేటిక్ సైనిక పరిశోధనాకేంద్రంలో మరొక వ్యవస్థ రూపుదిద్దుకుంది. 1997 నుంచి ప్రచారంలోకి వచ్చిన 'మాడ్యులర్ లైట్‌వెయిట్ లోడ్-క్యారీయింగ్ ఎక్విప్‌మెంట్'ను సంక్షిప్తంగా 'మాలీ' అంటారు. అంగుళం వెడల్పు గల నైలాన్ పట్టీలను అంగుళం ఎడంతో వరుసలుగా కుట్టి, చిన్న సంచులను ఎక్కడ కావాలంటే అక్కడ అల్లి తగిలించుకునే ఏర్పాటు దీని ప్రత్యేకత. దీని పెద్ద వీపుసంచికి మళ్లీ బయటి చట్రమే వచ్చింది. అయితే అది అల్యూమినియం గొట్టాలది కాదు, అచ్చుపోసిన ప్లాస్టిక్‌ది.

తొలి నమూనా సైనికులను మెప్పించలేదు. నడుముపట్టీని చట్రానికి కలిపే బంతి-గిన్నె కీలు ఇబ్బందిపెట్టింది. ప్లాస్టిక్ చట్రాలు విరుగుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చాయి. తరువాతి నమూనాలో ఆ కీలును తొలగించి, చట్రాన్ని గట్టిపరచి, నడుముపట్టీని మందంగా చేశారు. ఆలిస్‌లో కొరవడిన నడుముపట్టీ ఈ దశలో సమకూరింది. దీనిని పునరుద్ధరణ అనడానికి కారణం ఆకృతిలోని పోలిక మాత్రమే కాదు. సంచినుంచి వేరుచేయగల గట్టి చట్రమన్న మూలసూత్రం తిరిగి రావడమే అసలు పునరుద్ధరణ.

6. మెరైన్ దళం చాటిన పాఠం

మాలీ తొలి నమూనాతో విసిగిన మెరైన్ దళం వేరొక మార్గం పట్టింది. పర్వతారోహణ సామగ్రికి పేరొందిన ఆర్క్‌టెరిక్స్ రూపకల్పన ఆధారంగా, లోపలి చట్రం గల సంచిని 2000 దశకం మధ్యలో దళమంతటికీ పంపిణీ చేసింది. కుట్టుపనిలో, సౌకర్యంలో అది మేలైన సంచి. కాని అదే కాలంలో ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలలో సైనికుని శరీరమే మారిపోయింది.

రెండు గట్టి పలకలతో కూడిన 'ఇంటర్‌సెప్టర్' కవచం బరువు 16.4 పౌండ్లు, అంటే సుమారు 7.4 కిలోలు. ఆ తరువాత పక్కలకూ పలకలు చేరాయి, బరువు మరింత పెరిగింది. లోపలి చట్రం మనిషి వీపు వంపును నమ్ముకొని రూపొందినది. కవచం తొడిగాక ఆ వంపు ఉండదు, దాని స్థానంలో వంగని పలక ఉంటుంది. సంచి దానికి అతుక్కోదు. నడుముపట్టీ కవచం అంచుకు తగిలి తుంటిపై సరిగా కూర్చోదు. దానితో భారమంతా భుజాలమీదికి తిరిగివస్తుంది. లోపలి చట్రానికి బలమనిపించిన సన్నిహితత్వమే కవచధారికి అవరోధమైంది.

బయటి చట్రం వీపు వంపుపై ఆధారపడదు. దానికీ వీపుకీ మధ్యనున్న ఖాళీలో కవచం పలకకు చోటు దొరుకుతుంది. ఈ కారణంగానే 2010 దశకం ఆరంభంలో మెరైన్ దళం ప్లాస్టిక్ బయటి చట్రం గల కొత్త సంచికి మారింది. ఆలిస్ రూపకర్తల దృష్టిలో ఆ ఖాళీ కవచం కోసం ఉద్దేశించినది కాదు. ఒక కాలపు ఆకృతిలోని యాదృచ్ఛిక లక్షణం మరొక కాలపు అవసరాన్ని తీర్చింది.

7. దర్జీల చేతుల్లో ఆలిస్

అధికారిక నిర్ణయాలకు సమాంతరంగా మరొక పునరుద్ధరణ సాగింది. ఆలిస్ సంచికి మందమైన భుజపట్టీలు, మాలీ నడుముపట్టీ తగిలించుకోవడం, రెండు వ్యవస్థల భాగాలను కలిపి ఒక సంచిగా వాడుకోవడం సైనికుల వాడుకలోకి వచ్చాయి. సైనిక స్థావరాల సమీపంలోని కుట్టుపనివారు ఈ మార్పులు చేసిపెట్టేవారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టాక్టికల్ టైలర్ అనే సంస్థ పెద్ద ఆలిస్ సంచిని సవరించి 'మాలిస్' అన్న పేరుతో విక్రయించింది. పేరులోనే పాతదాని గుర్తును నిలుపుకున్న ఈ సంచిని ప్లాస్టిక్ చట్రంతోనూ వాడవచ్చు. వినియోగదారులే రూపకర్తలైన ఈ ధోరణి గమనార్హం. ఏ భాగాన్ని నిలుపుకోవాలో, దేనిని మార్చుకోవాలో మోసిన భుజాలే నిర్ణయించాయి.

8. పునరుద్ధరణకు పరిమితి

ఆలిస్, మాలీ రెండింటి పేర్లలోనూ 'లైట్‌వెయిట్' అన్న మాట ఉంది. అయినా సైనికుని బరువు తగ్గలేదు. అమెరికా సైన్యపు కాలినడక నియమావళి పోరాట సమయపు బరువును 48 పౌండ్లకు, అంటే 22 కిలోలకు, పోరాటస్థలం వైపు నడిచేటప్పటి బరువును 72 పౌండ్లకు, అంటే 33 కిలోలకు పరిమితం చేయాలని సూచించింది. 2003లో అఫ్గానిస్తాన్‌లో సైనికుల వెంట నడుస్తూ తూకం వేసి జరిపిన అధ్యయనంలో సాధారణ రైఫిల్‌ధారి సగటున పోరాట సమయంలో 63 పౌండ్లు, నడకలో 96 పౌండ్లు, అత్యవసర నడకలో 127 పౌండ్లు మోస్తున్నట్లు తేలింది. చివరి సంఖ్య దాదాపు 58 కిలోలకు సమానం.

తలమీది చుట్టకుదురు బిందె బరువును తగ్గించదు, నెత్తికి నొప్పి తెలియకుండా చేస్తుంది. చట్రం పని కూడా అంతవరకే. మోయడం సులువైనకొద్దీ మరికొంత మోయించవచ్చునన్న ఆలోచన పై అధికారులలో కలుగుతుంది. కవచం, రేడియోల బ్యాటరీలు, రాత్రివేళ చూపునిచ్చే పరికరాలు ఇలా ప్రతి కొత్త వస్తువూ దేనికదే సమర్థనీయమైనది. వాటి మొత్తమే మోకాళ్లను, వెన్నును దెబ్బతీస్తుంది. మార్షల్ హెచ్చరిక సంచి నాణ్యత గురించి కాదు, సంచిలో ఏమి పెట్టాలో నిర్ణయించే క్రమశిక్షణ గురించి.

9. ముగింపు

• బయటి చట్రం పునరాగమనం సాంకేతిక ప్రగతి సరళరేఖలో సాగదని తెలుపుతుంది. ఒక ఆకృతి పాతబడడానికీ తిరిగి పనికిరావడానికీ అది పనిచేసే పరిసరాలే కారణం.
• పౌర రంగంలో మేలైనది సైనికరంగంలోనూ మేలైనదన్న భావనను కవచం, మొరటు బరువులు అనే రెండు వాస్తవాలు పూర్వపక్షం చేశాయి.
• పునరుద్ధరణలో నిలిచినది పదార్థం కాదు, సూత్రం. అల్యూమినియం పోయి ప్లాస్టిక్ వచ్చినా, సంచినుంచి వేరైన గట్టి చట్రమన్న ఆలోచన కొనసాగింది.
• మెరుగైన సంచి అధిక భారానికి ప్రత్యామ్నాయం కాలేదు. ఎంత మోయాలన్నది రూపకర్త నిర్ణయం కాదు, సైన్యాన్ని నడిపేవారి నిర్ణయం. ఆ నిర్ణయం మారనంతకాలం ఏ చట్రమైనా సైనికునికి పాక్షికమైన ఊరటనే ఇవ్వగలదు.