మొక్కై వంగని కుక్క

1924 సెప్టెంబరులో నీవా నది పొంగి లెనిన్‌గ్రాడ్‌ను ముంచెత్తినప్పుడు ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాల కుక్కల బోనుల్లోకీ నీళ్లొచ్చాయి. సిబ్బంది కుక్కల్ని కొన్ని కొన్ని చొప్పున బయటికి లాగి, ఈదించుకుంటూ గట్టుకు చేర్చారు. ప్రాణాలైతే దక్కాయి గాని, కొన్ని కుక్కలు అంతకుముందు ఎంతో శ్రమపడి నేర్చినదంతా మరిచిపోయాయి. సంకేతం ఇస్తే నోరూరడం లేదు, తిండి పెడితే ముట్టడం లేదు. చాలాకాలం ఓపిక పట్టాక పాత అలవాట్లు మెల్లగా తిరిగొచ్చాయి. అప్పుడు పావ్లోవ్ ఒక కుక్క ఉన్న గదిలోకి తలుపు కిందనుంచి సన్నగా నీళ్లు పారించి చూశాడు. ఆ కాసిన్ని నీళ్లకే అది మళ్లీ బెదిరిపోయింది, నేర్చింది మళ్లీ చెదిరిపోయింది. దాన్ని మొండిదని ఎవరూ అనలేరు. మరి గొలుసుకో బాల్కనీకో కట్టేసి పెంచి, కోడెప్రాయం రాగానే ఎవరో వదిలేసిన కుక్కను మనం ఇంటికి తెచ్చుకున్నప్పుడు మాత్రం, అది మాట వినకపోతే వెంటనే మొండిది అనేస్తాం. కుక్కల శిక్షణ చరిత్రను చూస్తే నాకు తోచేది ఒకటే: గడిచిన వందేళ్లలో మారింది కుక్క కాదు, దాని అవిధేయతకు మనిషి చెప్పుకున్న కారణం.

ఈ విద్య మనకు పోలీసుల నుంచి, సైన్యం నుంచి వచ్చింది. జర్మన్ పోలీసు అధికారి కొన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ గ్రంథం చాలాకాలం ఈ వృత్తికి పెద్దబాలశిక్ష. అందులో మెచ్చుకోలూ ఉంది, ముళ్ల మెడపట్టీ, బెత్తమూ ఉన్నాయి. అమెరికాలో విలియం కోలర్ 1962 నాటి పుస్తకం మరో అడుగు ముందుకేసింది. తోటలో గుంత తవ్విన కుక్కను ఏం చేయాలి? అదే గుంతలో నీళ్లు నింపి దాని ముక్కు ముంచాలి. ఇదే కాలంలో తోడేళ్ల మందలో పెత్తనం కోసం పోరాటం సహజమనీ, ఇంట్లో మనిషే ఆ పెత్తందారు కావాలనీ మరో వాదం ప్రచారమైంది. దానికి ఆధారం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పరిశీలన. అతడు చూసినవి బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లు. అడవిలోని మంద ఎక్కువగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని డేవిడ్ మెక్ 1999లో రాశాడు. కాని అప్పటికే ఆ పెత్తనం మాట ప్రతి ట్రైనర్ నోటా నానిపోయింది. పాత పద్ధతివాళ్లు మాత్రం ఒక సంగతి గట్టిగా అడుగుతారు: ఆ దండనతోనే వేల కుక్కలు చక్కగా పనిచేయలేదా? చేశాయి. కాని సైన్యం, పోలీసు చేతిలో ఉన్నది జల్లెడ. మంచి జాతి, గట్టి గుండె ఉన్న కుక్కల్ని ఏరుకునేవాళ్లు, తట్టుకోలేనివాటిని పంపించేసేవాళ్లు. నిలిచినవాటిని చూపించి పద్ధతిని మెచ్చుకోవడం సులువు. పనికిరావని పక్కకు తోసినవి ఏమయ్యాయో ఆ లెక్కలోకి రాదు. జంతు రక్షణ కేంద్రం నుంచి వచ్చే కుక్క అలా పక్కకు తోసిన కుక్కలాంటిదే.

అలా పనికిరాకపోవడం పుట్టుకతో వచ్చిన లోపమా, పెంపకంలో జరిగిన లోపమా అన్న ప్రశ్నకు ఒక గట్టి ఆధారం అంధులకు దారిచూపే కుక్కల దగ్గర దొరికింది. కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ కేంద్రంలో క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ కూనల్ని పరీక్షించి, నెగ్గినవాటిని పెంపకానికి ఇళ్లకు పంపేవాడు. ఇల్లు దొరక్క కొన్ని కూనలు కెన్నెల్‌లోనే ఆగిపోయేవి. పన్నెండు వారాల వయసు దాటాక వారంలోపే ఇల్లు చేరినవాటిలో సుమారు 90 శాతం దారిచూపే కుక్కలయ్యాయి. మూడు వారాలకు మించి ఆగినవాటిలో అయినవి 30 శాతం. పరీక్ష అదే, తిండి అదే. ఎవరూ కొట్టలేదు, పస్తులు పెట్టలేదు. ఊరికే వదిలేశారు, అంతే. 1961లో బార్ హార్బర్‌లోని జాక్సన్ ప్రయోగశాల ఇంకా కఠినమైన ప్రయోగం ప్రకటించింది. ఎత్తైన కంచె కట్టిన పొలంలో మనిషి కంట పడకుండా కూనల్ని పెంచారు, తిండి కంచె కంతలోంచి తోశారు. పద్నాలుగు వారాల దాకా మనిషి పొడ ఎరగని కూనలు బయటికి తీస్తే అడవి జంతువుల్లా పారిపోయాయి. వాటిలో ఒకదాన్ని మూడు నెలలపాటు రోజూ నిమిరి, చేత్తో తిండి పెట్టినా మార్పు స్వల్పమే.

మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఎవరైనా అడగొచ్చు. వెనకటి గుణం మానదని సుమతీ శతకం కుక్కకిచ్చిన కితాబు సరేసరి. కాని ఆ పొలం కూనలకు మనిషి వాసనే తగల్లేదు. మన వీధి మలుపులో వదిలేసిన ఎనిమిది నెలల కుక్క అలాంటిది కాదు. ఎవరో దాన్ని చిన్నప్పుడు ముద్దుచేశారు, తర్వాత పట్టించుకోలేదు. దాని చదువు మధ్యలో ఆగింది, మొదలే కాకుండా పోలేదు. పైగా ఆ వయసే ఒక గండం. ఇంగ్లండులో దారిచూపే కుక్కల మీద లూసీ ఆషర్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఐదు నెలలప్పుడు కూర్చోమంటే కూర్చున్న కుక్క ఎనిమిది నెలలకు తన యజమాని మాట పెడచెవిన పెడుతుంది, కొత్తవాళ్లు చెబితే మాత్రం వింటుంది. ఇంట్లో అమ్మకు ఎదురుచెప్పి బళ్లో టీచరు మాట వినే పిల్లవాడే గుర్తొస్తాడు. జనం కుక్కను వదిలించుకోవాలనుకునేది సరిగ్గా ఈ దశలోనే. నాలుగు నెలలు ఓర్చుకుంటే గడిచిపోయేదాన్ని శాశ్వత స్వభావమని తీర్మానిస్తారు.

తీర్మానం ఎంత తప్పు కావచ్చో 2007లో అమెరికాలో తేలింది. ఫుట్‌బాల్ ఆటగాడు మైఖేల్ విక్‌కు చెందిన వర్జీనియా స్థలంలో కుక్కపందేల గుట్టు బయటపడి, యాభైకి పైగా కుక్కలు పట్టుబడ్డాయి. అలాంటివాటిని కేసు ముగిశాక చంపేయడమే అప్పటి వాడుక. పేరున్న జంతు సంక్షేమ సంస్థలు కూడా అదే మేలన్నాయి. కోర్టు మాత్రం ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించమంది. పోట్లాటకు దూకే రాక్షసుల్ని ఊహించుకుని వెళ్లినవారికి ఎదురైనవి వేరు. చాలా కుక్కలు మనిషి దగ్గరికి రాగానే కాళ్లు చాచి, గడ్డం నేలకానించి, పెనానికి అంటుకున్న అట్టులా కరుచుకుపోయాయి. వాటికి అక్కడివాళ్లు పెట్టిన పేరే పాన్‌కేక్ కుక్కలు. కష్టమనుకున్న ఇరవై రెండింటిని యూటాలోని ఒక ఆశ్రమం తీసుకుంది. కొన్నిటికి కోర్టు షరతు ప్రకారం మంచి నడవడి పరీక్ష పెట్టారు, నెగ్గినవి ఇళ్లకు వెళ్లాయి. దూకుడు కారణంగా చంపాల్సివచ్చినది మొత్తం గుంపులో ఒక్కటే. ఆ అనుభవం తర్వాత, 2013లో, భయపడ్డ కుక్కలకే ప్రత్యేకంగా అమెరికా జంతు సంక్షేమ సంస్థ ఏఎస్‌పీసీఏ ఒక కేంద్రం తెరిచింది. అక్కడ చికిత్స పొందిన 441 కుక్కల్లో 86 శాతం దత్తతకు సిద్ధమయ్యాయని 2022లో లెక్క వచ్చింది. పద్ధతిలో మంత్రమేమీ లేదు. ధైర్యంగల మరో కుక్కను పక్కన నడిపించడం, మెడపట్టీని మొదట చూపించి, తర్వాత తాకించి, ఆపైన తగిలించడం, ప్రతి మెట్టులో తిండి ముక్క.

మిగిలిన 14 శాతం సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్న. కొన్ని కుక్కలు మారవు. పసిపిల్లలున్న ఇంటికి అలాంటిదాన్ని పంపడం దయ కాదు, బాధ్యతారాహిత్యం. అంత ఖర్చు మన మున్సిపాలిటీలు ఎక్కడ భరిస్తాయన్నదీ నిజమే. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల దాడిలో నాలుగేళ్ల పిల్లవాడు చనిపోయాక ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టేసేవారితో నేను ఏకీభవించను. కాని ప్రమాదకరమైనదాన్ని గుర్తించాలన్నా మొదట భయాన్నీ దూకుడునూ విడదీసి చూడగలగాలి. పళ్లు చూపించిన ప్రతి కుక్కా ఒకటే అనుకుంటే నిజంగా ప్రమాదకరమైనది ఆ గుంపులోనే దాక్కుంటుంది.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్ చేసి టీకా వేసిన వీధి కుక్కల్ని తిరిగి వదలాలనీ, రేబీస్ ఉన్నవాటినీ దూకుడుగా ప్రవర్తించేవాటినీ మాత్రం వదలొద్దనీ చెప్పింది. అంటే ఆ ఉత్తర్వు ప్రకారం, రేబీస్ లేని ఒక కుక్క జీవితకాలం బోనులో ఉండాలా వద్దా అన్నది దూకుడు అనే ఒక్క మాట మీద ఆధారపడింది. వ్యాను కుదుపులకూ ఉచ్చుకూ బెదిరి, ఇప్పుడే దిగిన కుక్కను ఆ క్షణంలో చూసి ఆ మాట రాయడం, తలుపు కింద నీళ్లు పారించి పావ్లోవ్ కుక్కను మొండిది అనడం లాంటిదే. కార్పొరేషన్లు కొత్త షెడ్లకు టెండర్లు పిలిచే ముందు ప్రతి కేంద్రంలో కుక్క నడవడిని చదవగల ఒక్క మనిషినైనా నియమించాలి, దాన్ని కుదుటపడనిచ్చి, కొన్నాళ్ల తేడాతో రెండుసార్లు చూశాకే కాగితం మీద సంతకం పెట్టించాలి.