వెండి రూపాయిలో కరగిన డాలరు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు మాటలాడు పాత కుటుంబములు కొన్నింట నేటికిని వెండి రూపాయలు భద్రముగా నున్నవి. దేవుని గూటిలో ముడుపుగా కట్టినవి కొన్ని, పెండ్లినాటి మూటలోనివి కొన్ని, కొక్కెము తగిలించి పేరుగా గ్రుచ్చినవి కొన్ని. వానిలో ఒకవైపు ఐదవ జార్జి చక్రవర్తి తలయు, రెండవవైపు 1918, 1919, 1920 సంవత్సరములలో ఏదో యొకటియు గల రూపాయలు కానవచ్చును. ఇంటివారు వానిని తాతలనాటి సొమ్మందురు. ఆ వెండి ఎచటనుండి వచ్చినదని విచారించువారు అరుదు. ఆ మూడేండ్ల రూపాయలకు వాడిన వెండిలో పెద్దభాగము పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికా డాలర్లను కరగించి తెచ్చినదే.

2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యగుటకు పూర్వము ఈ మూడు తాలూకాలును కోలారు జిల్లాలోనివి. 1918 నాటికి మైసూరు సంస్థానములోనివి. రాజు వేరైనను చెలామణిలో నున్నది బ్రిటిషిండియా రూపాయియే. దాని తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు శుద్ధమైన వెండి. అందుచేత రూపాయి వట్టి సొమ్ము కాదు. అంగడివానికి అది తూనికరాయి. ఇల్లాలికి ఆపదలో ఆదుకొను నిధి. కంసాలికి కడియము చేయుటకు వలసిన లోహము.

అమెరికా డాలరు కథ వేరు. 1878 ఫిబ్రవరి 28న అమలునకు వచ్చిన బ్లాండ్-ఆలిసన్ చట్టము, ఆ దేశపు ఖజానా నెలకు 20 లక్షల డాలర్లకు తక్కువ కాకుండ, 40 లక్షలకు మించకుండ వెండి కొని నాణెములు వేయవలెనని విధించినది. జార్జి మోర్గన్ అను శిల్పి రూపొందించుటచే ఆ నాణెమునకు మోర్గన్ డాలరని పేరు వచ్చినది. ముందువైపు స్వేచ్ఛాదేవి ముఖము. దానికి నమూనాగా నిలిచినది ఫిలడెల్ఫియా ఉపాధ్యాయిని అన్నా విలియమ్స్. వెనుకవైపు రెక్కలు చాచిన గ్రద్ద. 1878 నుండి 1904 వరకు సుమారు 57 కోట్ల డాలర్లు వేసిరి. కాని బరువైన ఆ నాణెమును అచటి జనులు అంతగా కోరలేదు, నోట్లతోనే తృప్తిపడిరి. డాలర్లు సంచులలో ఖజానా కొట్లలో పడియుండెను. అచట కాగితము చాలును, వెండి బరువు. ఇచట వెండి కావలెను, కాగితముపై నమ్మకము చాలదు. ఈ రెండు స్వభావములును 1918లో ఒండొంటిని తాకినవి.

అందులకు కారణము మొదటి ప్రపంచయుద్ధము. బ్రిటన్ యుద్ధసామగ్రికై భారతదేశమున చేసిన కొనుగోళ్ళకు లెక్కలేనన్ని రూపాయలు కావలసివచ్చెను. మెక్సికోలోని అంతర్యుద్ధమువలన అచటి గనుల వెండి తగ్గెను. 1915లో లండనులో ఔన్సు 28 పెన్నీల లోపల నుండిన వెండి 1917 ఆగస్టులో 43 పెన్నీలు దాటి, సెప్టెంబరులో 55 పెన్నీలకు చేరినది. నాటి మారకపు లెక్కలో 43 పెన్నీలు దాటినచో రూపాయి ముఖవిలువ కన్న అందలి వెండి వెలయే ఎక్కువ. నాణెమును కరగించిన లాభము; దాచిన క్షేమము. ప్రభుత్వము 1917 జూనులో నాణెములు కరగించుటను నిషేధించినది. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటును, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటును ప్రవేశపెట్టినది. అయినను కొన్ని తావులలో నోటు మార్చుటకు వట్టము ఇయ్యవలసివచ్చెను.

నోటనగా అడిగినపుడు రూపాయి ఇత్తునను ప్రభుత్వపు మాట. 1918లో యుద్ధవార్తలు విషమించగా జనులు ఆ మాటను పరీక్షింపసాగిరి. నోట్లు మార్చుకొనువారు కార్యాలయముల యెదుట గుమిగూడిరి. వెండి నిలువ నానాటికి తరిగిపోయెను. నోటు మాట తప్పినచో దేశమున వర్తకమే కాదు, యుద్ధప్రయత్నమే కుంటుపడునని లండనులో భయము పుట్టెను. బ్రిటిషు వారు అమెరికాను ఆశ్రయించిరి. నెవాడా రాష్ట్రపు సెనేటరు కీ పిట్‌మన్ ప్రతిపాదించిన చట్టము 1918 ఏప్రిల్ 23న అమలునకు వచ్చినది. దాని ననుసరించి 27,02,32,722 డాలర్లను కరగించిరి. అందు 25,91,21,554 డాలర్ల వెండిని, శుద్ధమైన ఔన్సు ఒక డాలరు చొప్పున, భారత నాణెములకై బ్రిటనుకు అమ్మిరి. అది సకాలమున చేరుటచే నోటు మాట నిలిచినది.

ఇచట ఒక లెక్క గమనింపదగినది. డాలరులో శుద్ధమైన వెండి 371.25 గ్రెయినులు, రూపాయిలో 165 గ్రెయినులు. భాగించిన సరిగా రెండుంబావు వచ్చును. అనగా ఒక డాలరు కరగి రెండు రూపాయల నాలుగణాలైనది. ఈ లెక్కన అమ్మిన డాలర్లన్నియు 58 కోట్లకు మించిన రూపాయలకు సరిపోవును.

నేడు మోర్గన్ డాలర్లను సేకరించువారికి ఈ కరగింపు తీరని చిక్కు. ఏ సంవత్సరపు, ఏ టంకశాల డాలర్లు ఎన్ని కరగినవో లెక్క వ్రాసి యుంచలేదు. కావున ముద్రణ లెక్కలను బట్టి ఏ నాణెము అరుదో నిర్ణయింపజాలరు. 1895లో ఫిలడెల్ఫియాలో వ్యవహారమునకై 12,000 డాలర్లు వేసినట్లు లెక్కలో నున్నది. వానిలో ఒక్కటియు నిశ్చయముగా దొరకలేదు. సేకర్తలకై ప్రత్యేకముగా వేసిన 880 నాణెముల తెగయే నిలిచినది. న్యూ ఆర్లియన్సులో వేసిన 1903 నాటి డాలరు మిక్కిలి అరుదని యెంచుచుండగా, 1962లో ఖజానానుండి సంచులకొలది బయటపడి వెల పడిపోయినది.

అచటి సేకర్తకు కనబడని నాణెముల లోహము ఇచటి ముడుపులలో నుండవచ్చును. అయితే ఏ ఒక్క రూపాయిని చూపియు ఇది డాలరు వెండియేయని చెప్పజాలము. టంకశాల మూసలో అన్ని వెండులును కలిసిపోయినవి. ఏ టంకశాలదో మాత్రము తెలిసికొనవచ్చును. సంవత్సరమున్న వైపున క్రింది తామరపువ్వు దిగువ చిన్న బొడిపె చుక్క యున్నచో అది బొంబాయిది, లేనిచో కలకత్తాది.

1940లో రూపాయి వెండి సగమునకు తగ్గినది. 1947 నాటికి రూపాయి నికెలుదైనది. అటుపిమ్మట పాత రూపాయలు ఇండ్లలో నిలిచినవి, లేదా కంసాలి కుంపటిలో గజ్జెలైనవి. తూకమునకు అమ్మినచో వెండి వెల చేతికి వచ్చును. సంవత్సరము, టంకశాల గురుతు, ఎవరు ఏ శుభకార్యమునకు ఇచ్చిరను జ్ఞాపకము కరగిపోవును. డాలర్లను కరగించినవారు లెక్క వ్రాయలేదు. ఇంటి రూపాయల లెక్కనైనను ఇంటివారు వ్రాసియుంచుట మేలు: సంవత్సరము, చుక్క కలదో లేదో, ఎవరినుండి వచ్చినదో. నాణెమును తోమి మెరుగు పెట్టనక్కరలేదు. కాగితమును నమ్మని సామాన్యుల పట్టుదలయే ఒక మహారాజ్యపు కొట్లు తెరపించినదనుటకు ఆ తులము వెండియే సాక్ష్యము.