ఆరు కోణాల నక్షత్రం: ఆకారం చెప్పేదెంత?

తలకిందులుగా ఒకదానిపై ఒకటి వేసిన రెండు త్రిభుజాలు. ఈ బొమ్మ గలిలయలోని ప్రాచీన యూదు ప్రార్థనామందిరం రాళ్లపై ఉంది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి కమానుల పక్కన ఉంది. వైష్ణవాలయాల్లో సుదర్శన మూర్తి వెనుక ఉంది. వీటన్నిటికీ మూలం ఒకటేనన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఆకారాల పోలిక ఒక్కటే దానికి ఆధారమైతే అది బలహీనమైన ఆధారం.

కారణం జ్యామితిలోనే ఉంది. వృత్తం గీశాక వృత్తలేఖిని కొలత మార్చకుండా పరిధి మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే సరిగ్గా ఆరు వస్తాయి. ఒకటి విడిచి ఒకటి కలిపితే నక్షత్రం తయారవుతుంది. మన ముగ్గుల్లో ‘13 చుక్కలు, 7 వరకు సందు చుక్క’ అంటే నడిమి వరుసలో 13 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గిస్తూ 7 దగ్గర ఆపడం. ఆ చుక్కల అమరికే ఆరు భుజాలది. అందులో ఈ నక్షత్రం పడటానికి ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు.

అందువల్ల ప్రతిచోటా అడగాల్సింది ఒకటే: ఆ గుర్తుకు అక్కడివాళ్లు ఏ అర్థం ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు?

యూదుల విషయంలో ఆధారాలు కొంత స్పష్టంగా ఉన్నాయి. ప్రాచీన కాలంలో వారి ముఖ్య చిహ్నం ఏడు కొమ్మల దీపస్తంభం. రోములోని టైటస్ తోరణం మీద చెక్కినది అదే. మొదట చెప్పిన గలిలయ మందిరంలో, అంటే కపెర్నహూములో, ఆరు కోణాల నక్షత్రంతో పాటు అయిదు కోణాలదీ ఉంది కాబట్టి అక్కడ దాన్ని అలంకారంగా భావించడమే సబబు. ఈ చిహ్నం చరిత్రను పరిశీలించిన గెర్షోమ్ షోలెమ్, యూదు మతానికి ఇది సార్వత్రిక గుర్తుగా వ్యాపించింది 19వ శతాబ్దంలోనేనని వాదించాడు. 1897లో బాసెల్‌లో జరిగిన జియోనిస్టు మహాసభ దానికి రాజకీయార్థం ఇచ్చింది. 1941 సెప్టెంబరులో నాజీ జర్మనీ ఆరేళ్లు నిండిన యూదులందరూ పసుపు నక్షత్రం ధరించాలని ఆజ్ఞాపించింది. 1948 అక్టోబరులో అదే ఆకారం ఇజ్రాయెల్ జాతీయ పతాకంలో చేరింది.

ఇస్లామిక్ సంప్రదాయంలో ఇది సులేమాన్ ప్రవక్త ముద్ర. అయిదు కోణాల నక్షత్రానికీ ఆ పేరు వాడారు. 16వ శతాబ్దంలో కట్టిన హుమాయూన్ సమాధిపై నక్షత్రాలను ఈ నేపథ్యంలో చూడవచ్చు. వాటి పక్కన అర్థం చెప్పే శాసనమేదైనా ఉంటే తప్ప అంతకుమించి తేల్చడం ఊహే అవుతుంది.

భారతీయ తాంత్రిక సంప్రదాయంలోనూ అర్థం ఒకటి కాదు. ఊర్ధ్వముఖ త్రిభుజం శివుడు, అధోముఖ త్రిభుజం శక్తి అన్న వివరణ ప్రసిద్ధం. అయితే పూర్ణానందుడి షట్చక్ర నిరూపణం అనే గ్రంథంలో అనాహత చక్రంలోని షట్కోణం (ఇదే నక్షత్రం) వాయుమండలం, అంటే వాయుతత్త్వ స్థానం. సుదర్శన మూర్తికి అదే షట్కోణం నేపథ్యం.

ఒకే సంప్రదాయంలోనే ఇన్ని అర్థాలున్నప్పుడు, వేర్వేరు సంప్రదాయాల మధ్య వారసత్వం చెప్పేవారు మరింత గట్టి రుజువు చూపాలి. కాలక్రమం కుదరాలి, రాకపోకలకు సాక్ష్యం ఉండాలి, అర్థాన్ని పేర్కొనే రాత దొరకాలి. ఈ మూడూ లేనిచోట అవి స్వతంత్రంగా పుట్టాయనుకోవడమే ప్రస్తుతానికి సురక్షితమైన నిర్ధారణ.