న్యూరస్తీనియా: ఒకరికి గుర్రం, ఒకరికి మంచం

సుమారు నూటయాభై ఏళ్ల కిందట అమెరికాలో చదువుకున్నవాళ్లు నీరసించిపోతే ‘న్యూరస్తీనియా’ వచ్చిందనేవారు. 1869లో న్యూయార్క్ వైద్యుడు జార్జ్ మిల్లర్ బియర్డ్ ఈ పేరును వైద్య పత్రికకెక్కించాడు. నిద్రపట్టకపోవడం, తలనొప్పి, అజీర్తి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, అన్నిటికీ నరాల శక్తి హరించుకుపోవడమే మూలమన్నాడు. దానికి కారణాలు? ఆవిరి యంత్రం, టెలిగ్రాఫ్, పత్రికలు, విజ్ఞానశాస్త్రాలు, ఆడవాళ్లు బుర్రకు పనిచెప్పడం! ఆ చివరి మాట చదివితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకునేవాళ్ల అలసట ఆయన లెక్కలోకి పెద్దగా రాలేదు.

ఈ జబ్బుకు పేరుమోసిన వైద్యుడు ఫిలడెల్ఫియాలోని సైలస్ వెయిర్ మిచెల్. 1885లో ఓవెన్ విస్టర్ అనే యువకుడు ఆయన దగ్గరికి వెళ్లాడు. వయోమింగ్ వెళ్లి పశువుల రాంచ్‌లో ఉండమన్నాడు మిచెల్. విస్టర్ వెళ్లాడు, స్వారీ చేశాడు, వేటాడాడు, చూసిందల్లా డైరీల్లో రాసుకున్నాడు. 1902లో ‘ది వర్జీనియన్’ నవలతో కౌబాయ్ కథలకు బాట వేశాడు.

1887లో అదే మిచెల్ దగ్గరికి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ వెళ్లింది. బిడ్డ పుట్టాక మనసు కుంగిపోయిన రచయిత్రి ఆమె. ఆడవాళ్లకు ఆయన రాసే మందు మంచం. వారాల తరబడి పడుకునే ఉండాలి. చదవకూడదు, రాయకూడదు, కుట్టుపనైనా ముట్టకూడదు. పాలతో మొదలుపెట్టి బలవంతంగా మేపడం, ఒళ్లు పట్టడం, కండరాలకు కరెంటు పెట్టడం. నెలరోజులకు ఇంటికి పంపుతూ, బిడ్డను ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమనీ, చదువూ ఆలోచనా రోజుకు రెండు గంటలు మించొద్దనీ, బతికినంతకాలం కలం పట్టొద్దనీ చెప్పాడు. మూడు నెలలు అలాగే నడుచుకుంది. మతి తప్పే దాకా వచ్చాక మళ్లీ కలం పట్టింది, కోలుకుంది. 1892లో ఆ అనుభవంలోంచే ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథ అచ్చయింది. ఒక ప్రతి మిచెల్‌కు పంపింది. జవాబు రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోనూ ఇదే వరస. మనసు చెదిరిన అధికారికి ఎక్కువగా న్యూరస్తీనియా అని, సిపాయికి హిస్టీరియా అని రాసేవారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితా ఈ పేరును తీసేసింది.

చైనాలో మాత్రం అది బతికింది. హునాన్‌లో ఆ పేరుతో చికిత్స పొందుతున్న 100 మందిని అమెరికా మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ పరీక్షించి, 87 మందిది డిప్రెషన్ అని 1982లో రాశాడు. అయినా వాళ్లు పాత పేరునే పట్టుకున్నారు. సాంస్కృతిక విప్లవం నాటి చైనాలో మనసు కుంగిందంటే రాజకీయంగా దారి తప్పినట్టు చూసేవారు. నరాలు అలసిపోయాయంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.