రాక్షస గుళ్ళు ఎవరు కట్టారు?

ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర గుట్టల మీద నిలువెత్తు రాతి పలకలు, వాటిపై కప్పులా ఒకే పెద్ద బండ. ఇలాంటివి ఒకటీ రెండూ కావు. చుట్టుపక్కల వాళ్ళు రాక్షస గుళ్ళంటారు. గోదావరి దాపున పినపాక మండలం జానంపేటలోనూ ఉన్నాయి. అక్కడ లోపల రాయిని తొట్టిలా తొలిచిన శవపేటికలు కనిపిస్తాయి. నిజానికివి ఇనుప యుగపు సమాధులు. అంతంత బండలు లేపడం మామూలు మనుషుల పనా అన్న ఆశ్చర్యంలోంచే రాక్షసులు పుట్టుకొచ్చారు. కన్నడ సీమకు వెళ్తే ఇవే మోరియరనే మరుగుజ్జుల ఇళ్ళు.

నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ సురపురం ప్రాంతంలో ఇలాంటి సమాధులు తవ్వించి, ఎముకలు, కుండలు, ఇనుప సామాను చూశాడు. 1860లలో ఆ వివరాలు డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ అచ్చువేసింది. దక్కను సమాధులనూ, అప్పట్లో కెల్టులవనుకున్న ఐరోపా సమాధులనూ ఒకే తాటికి కట్టాలని ఆయన ఆరాటం. ఆ ముడి నిలవలేదు. ఐర్లండ్‌లోని న్యూగ్రేంజ్ రాతి సమాధి క్రీ.పూ. 3200 నాటిది, మనవి దానికి రెండు వేల ఏళ్ళు చిన్నవి.

కథలు మాత్రం ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. ఐర్లండ్‌లోనే లాక్రూ కొండల మీది సమాధులు, ఒక మంత్రగత్తె అవ్వ శిఖరం నుంచి శిఖరానికి దూకుతుంటే ఒడి లోంచి జారిన రాళ్ళట. న్యూగ్రేంజ్ దాగ్దా అనే దేవుడి ఇల్లు. కొడుకు ఏంగస్ వచ్చి ‘ఒక పగలూ రాత్రీ ఉండనివ్వు’ అన్నాడు. సరేనన్నాక, కాలమంతా పగలూ రాత్రే కదా అని ఇల్లు తనదే చేసుకున్నాడు! కట్టినవాళ్ళను మరిచిపోయిన చోట దేవుళ్ళో రాక్షసులో వచ్చి కాపురం పెడతారు. ఇందుకు చుట్టరికం అక్కర్లేదు, పెద్ద రాయీ మరపూ చాలు.

అయితే ఐర్లండ్ ఒక మంచి పని చేసింది. 1937–39లో బడిపిల్లల చేతికి నోటుపుస్తకాలిచ్చి, ఇంట్లో పెద్దవాళ్ళ నోటి కథలన్నీ రాయించింది. మనకు 2025లో తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి, సంతోషం. రాళ్ళతో పాటు రాక్షసుల కథలూ దక్కాలంటే తాడ్వాయి, పినపాక బడుల్లో ఆ నోటుపుస్తకాలు ఈ ఏడే పంచాలి. చెప్పగలిగిన అవ్వలూ తాతలూ ఇంకా ఉన్నారు.